ఆంటీ చెప్పిన సాక్ష్యం

ఆవిడ గుర్తొస్తే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి. దేశ రాజధానిలో మేముండే ద్వారకకి మెట్రో కొత్తగా వచ్చిన రోజుల్లో మా కింది వాటాలో ఉండే నర్సు ఆంటీ. భీమవరం వైపు మనిషి. ఇంట్లోంచి ఏది బయల్దేరినా దాని మీద అరచెయ్యి ఆనించి ప్రార్థన చెయ్యాల్సిందే. సూట్‌కేసైనా సరే, వీధిలో ఆగిన ఆటో అయినా సరే.

కరోల్ బాగ్‌లో కొన్న పాత బండి మీద ఒంటరిగా జైపూర్ వెళ్తానని నేను వారం రోజులు అందరికీ చెప్పుకున్నాను. ఆ ఉదయం నైట్ డ్యూటీ నుంచి వచ్చిన ఆంటీ పెట్రోల్ ట్యాంకు మీద చెయ్యి పెట్టారు.

"ప్రభువా, ఈ బిడ్డని క్షేమంగా వెనక్కి తీసుకురా."

జైపూర్ ఊసే ఎత్తలేదు.

జైపూర్ రోడ్డులో మానేసర్ దాటాక రెండు లారీలు నన్ను మధ్యలో ఇరికించి పరుగెత్తాయి. ఎలాగో రోడ్డు పక్కకి దిగి ఆపాను. ఇక ముందుకెళ్ళే ధైర్యం చాలక బండి వెనక్కి తిప్పేశాను. మధ్యాహ్నానికి ఇంటికొచ్చి, మెట్ల దగ్గర ఆంటీకి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ మొహం వెలిగిపోయింది.

"రేపటికి తెస్తాడనుకున్నాను బాబూ, ఈ పూటే తెచ్చేశాడు."

ఆదివారం తెలుగు చర్చికి నన్నూ తీసుకెళ్ళారు. దేవుడు తమకి చేసిన మేలుని అందరి ముందూ సాక్ష్యంగా చెప్పే సమయానికి ఆంటీ లేచి నిలబడ్డారు.

"మా పైవాటా బాబు జైపూర్ బయల్దేరాడండి. లారీలు చూసి జడిసిపోయాడు. నేనడిగినట్టే దేవుడు ఆ పూటే వెనక్కి పంపేశాడండి."

హాలంతా "స్తోత్రం" అంది. నేను కళ్ళు మూసుకుని, గడ్డం గుండెకి తగిలేలా తల దించేశాను.

వెనక వరసలో ఎవరో పక్కావిడతో మెల్లగా అన్నారు, "ఆ కుర్రాడికి ఎంత భక్తో చూడండి."