రెండో ముడి

మా అక్క ముడి వేస్తే విప్పడం ఎవరి తరమూ కాదని ఇంట్లో అనేవారు. ఆ పనితనమే ఆమెను ఉపగ్రహాలు తయారుచేసే చోటికి చేర్చింది. తెల్లటి గది, తల నుంచి కాళ్ళ దాకా తెల్లటి తొడుగు, చేతిలో పట్టకారు. అక్కడ ఆమెను దారాలక్క అని పిలిచేవారు.

చెరువుల్లో నీళ్ళెంత ఉన్నాయో పైనుంచి చూసి చెప్పడానికి బూట్ల డబ్బా అంత ఉపగ్రహం ఒకటి చేశారు. కరెంటునిచ్చే దాని రెక్కలను మడిచి సన్నటి దారంతో కట్టే పని అక్కది. పైకి వెళ్ళాక ఒక తీగ వేడెక్కి ఆ దారాన్ని కాల్చేస్తుంది, రెక్కలు విచ్చుకుంటాయి. పరీక్షల్లో ప్రతిసారీ విచ్చుకున్నాయి. ఆఖరిసారి కట్టినప్పుడు ముడి కాస్త వదులుగా తోచి, ఎందుకైనా మంచిదని దాని మీద ఇంకోటి వేసింది. పెద్దసారుకు చూపిస్తే తలూపాడు. "అక్కా, నువ్వు కట్టింది విప్పాలంటే నిన్ను కూడా రాకెట్ ఎక్కించాలి" అని పక్కనున్న ఇంజనీరు నవ్వాడట.

రెక్కలు విచ్చుకోలేదు. బ్యాటరీ ఉన్నంతసేపు పలికి, ఒక్క ఫోటో కూడా పంపకుండానే అది మూగబోయింది.

తీగ వేడెక్కలేదేమో, రెక్క కీలు పట్టేసిందేమో, కారణం మాత్రం తేలలేదన్నారు. రెండో ముడి సంగతి మీటింగులో అక్కే లేచి చెప్పింది. "దానివల్ల కాదమ్మా, మనసులో పెట్టుకోకు" అన్నాడు పెద్దసారు.

"ఆయన మంచివాడే. మంచివాళ్ళు అలాగే అంటారు" అంది ఇంటికొచ్చి.

ఆ తర్వాత ఆమె దేనికీ ముడి వేయలేదు. ఆఫీసులో వేరే బల్ల అడిగి తీసుకుంది. లేసుల బూట్లు మానేసింది. ఇంట్లో ఏదైనా కట్టాల్సి వస్తే నా వైపు తోసేది. ఆ ఉపగ్రహం ఇంకా పైన తిరుగుతూనే ఉంది కదా, ఎప్పటికైనా ఎవరో దగ్గరికి వెళ్ళి చూస్తారని మాత్రం అంటుండేది. చూస్తే తన తప్పో కాదో తెలిసిపోతుందని ఆమె ఆశ.

ఆమె జబ్బుపడి ఆసుపత్రిలో ఉండగా పెద్దసారు ఫోన్ చేశాడు. అది కిందికి జారి, గాలి రాపిడికి పూర్తిగా మండిపోయిందట.

అక్క ఫోన్ పక్కన పెట్టింది.

"అయితే ఇప్పటికి కాలిందన్నమాట, దారం" అంది.

ఆసుపత్రి గౌనుకు వీపు మీద నాడాలు ఉండేవి. ఆ సాయంత్రం నేను కడుతుంటే, "ఒక్క ముడే వెయ్యవే" అంది. ఒక్కటే వేశాను. అది ఊడిపోతూనే ఉండేది. ఆమె పోయేదాకా నేను కడుతూనే ఉన్నాను.