గేటు దగ్గర బెల్లం ముద్ద

స్టేడియం గేటు ముందు అప్పలనాయుడు తన బెల్లం ముద్దను ఇనప బారికేడ్‌కేసి కొట్టాడు. బారికేడ్ ఖంగుమంది. ముద్ద పగల్లేదు.

“సూసేవా మామా! రాయే కదేటి?” అన్నాడు సెక్యూరిటీ గార్డు, కేసు గెలిచిన వకీలులా.

నాది కర్నూలు. పనిమీద అనకాపల్లిలో రెండు రోజులుండి, క్రికెట్ చూద్దామని సిటీ బస్సెక్కితే పక్క సీట్లో ఈయన తగిలాడు. కోటవురట్ల దగ్గర చెరకు రైతు. జేబులో కూతురు తొలి జీతంతో కొనిచ్చిన టికెట్టు, సంచిలో ఆ ఏటి తొలి పాకం బెల్లం. తొలి బెల్లం నలుగురి నోట్లో పడందే వాళ్లింట్లో మార్కెట్‌కి తోలరట. స్టేడియంలో వేలమంది ఒక్కచోటే దొరుకుతారు కదా అని తెచ్చాడు.

గేటు దగ్గర గార్డు మాత్రం, ఇది రాయితో సమానమని, విసరడానికి వీలైనదేదీ లోపలికి వెళ్లకూడదన్నాడు. చెత్తడబ్బా చూపించాడు.

“తొలి బెల్లం సెత్తలో ఎయ్యమంతావేటి? మేచ్ పోతే పోనీ, ఇంటికెల్లిపోతాను,” అని అప్పలనాయుడు వెనక్కి తిరిగాడు. క్యూలో జనం ఆపారు. పగలగొట్టి ఇక్కడే పంచెయ్యమన్నారు.

మొదటి దెబ్బకి పగలని ముద్ద మూడో దెబ్బకి పగిలింది. అందరికీ తలో ముక్కా పెట్టి, చివరిది గార్డుకిచ్చాడు.

“తిను అల్లుడా. రాయో కాదో నీకే తెలుత్తాది.”

గార్డు ముక్క బుగ్గన పెట్టుకుని, చెయ్యూపి మమ్మల్ని లోపలికి పంపేశాడు. లోపల స్టాల్లో ఇటుకల్లా గడ్డకట్టిన నీళ్లసీసాలు అమ్ముతున్నారు.

తిరిగొచ్చేటప్పుడు అదే గార్డుని అడిగాను, ఇంతకీ బెల్లం తిండా, రాయా అని.

“పైవోళ్లని అడిగేను బాబూ. ఇంకా ఏటీ సెప్పలేదు.”