మడమ తిప్పని మా తాతయ్య

నా చిన్నప్పుడు మా తాతయ్య మడమ మీద మా ఇంటి పరువొక్కటే కాదు, నా చదువు కూడా ఆధారపడి ఉండేది. మాచర్ల బడికి బస్సెక్కాలంటే చేల గట్ల వెంట రోడ్డు దాకా నడవాలి. తోడొచ్చేది ఆయనే. ఆయన రాలేకపోతే నా బడి కూడా బందేనని నాన్న ముందే తేల్చేశాడు.

ఆ ఏడు పంచాయతీ ఎన్నికలని తాతయ్య గట్టి బూట్లు కొనుక్కుని ఊరంతా తిరిగాడు. ఎన్నికల్లో ఓడిపోయాడు. పైగా బూటు ఒరుసుకుని మడమ వెనక నిమ్మకాయంత వాపు! అక్కడుండే చిన్న నీటితిత్తి వాచిందని చెప్పాడు డాక్టరు. బూట్లు మానేసి ఐసు పెట్టమన్నాడు, నొప్పి తగ్గాక రోజూ మడమ తిప్పమన్నాడు.

అక్కడొచ్చింది తంటా. "మడమ తిప్పటం మా వంశంలోనే లేదు!" అని తాతయ్య మంచం మీంచే గర్జించాడు. వాపు తగ్గింది గానీ కాలు బిగుసుకుపోయింది. నా పుస్తకాల సంచి కొయ్యకే వేలాడుతోంది. నాన్న నన్ను మిరప కోతలకు రమ్మన్నాడు. నేను ఏడ్చి మొత్తుకున్నాను.

అప్పుడు మా నాయనమ్మ కల్పించుకుంది. "నువ్వు మడమ తిప్పమాకయ్యా. కాలి బొటనవేలితో గాల్లో అక్షరాలు రాయి, చాలు."

"ఏమే, అక్షరాలు కాలితో రాస్తారటే? పాపం కాదూ!"

"అయితే నిన్ను ఓడించినోడి పేరు రాయి."

తాతయ్య మొహం వెలిగిపోయింది. ఇంటిపేరుతో సహా, ఒక్క ఒత్తు కూడా వదలకుండా పొద్దునా సాయంత్రం రాసేవాడు. ఒకరోజు ఆ గెలిచినాయనే పలకరించడానికి వచ్చాడు.

"ఏంది బావా, కాలు అట్టా ఆడిస్తన్నావు?"

"నిన్నే తలుచుకుంటన్నా బావా," అన్నాడు తాతయ్య, కాలు ఆపకుండా. నాయనమ్మ కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పరిగెత్తింది.

చివరికి మెత్తటి చెప్పులేసుకుని తాతయ్య మళ్లీ చేల గట్టెక్కాడు. ఆయన వెనకే నేను, నాతోపాటు నా చదువూ గట్టెక్కాం.

ఆ చదువుతోనే టీచరునయ్యాను. మొండి పిల్లలతో వాదించకుండా మాట మార్చి చూడటం మాత్రం నాయనమ్మ నేర్పిందే. ఈమధ్య నాకూ మడమ వాచింది. నరసరావుపేట ఫిజియోథెరపీ అమ్మాయి పాదం గుండ్రంగా తిప్పమంది. రాద్దామంటే నాకు శత్రువులెవరూ లేరాయె. అందుకే మనసులో దండం పెట్టుకుని తాతయ్య రాసిన ఆ పెద్దాయన పేరే రాస్తున్నాను. పాపం, మా మీద గెలిచినందుకు మా ఇంట్లో రెండు మడమలు బాగుచేయాల్సి వచ్చింది ఆయనకి.