పాలసామాన్ల తొట్టి

కర్నూలులోని ఆహార పరీక్షల ల్యాబ్‌లో అటెండర్‌గా నాకు చివరి వేసవి అది. రిటైర్మెంటుకు ఏడు నెలలుండగా, మే మొదటి వారంలో నన్ను అలర్జీ పరీక్షల గదికి వేశారు. అటెండర్ అంటే అక్కడ అందరికంటే కింది ఉద్యోగం. సీసాలు కడిగి, ఆరబెట్టి, పరీక్ష చేసే అనలిస్టుకు అందించాలి. నలభై దాటాక రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్నాను కాబట్టి చీటీలు రాసే పని కూడా నాకే ఇచ్చారు.

ఒకరోజు పొద్దున్నే కోసిగి వైపు పల్లె నుంచి వచ్చిన తాయమ్మ అనే ముసలామె, ఆసుపత్రి డాక్టరు ఉత్తరంతో పాటు ఒక పొడి డబ్బా తెచ్చింది. ఏడు నెలల మనవడికి పాలు పడవు. అలాంటి బిడ్డలకు పాలు లేకుండా సోయాతో చేసిన పొడి ఇస్తారు. అది తాగాక కూడా మూతి వాచి, ఊపిరాడక ఆసుపత్రికి తెచ్చారు. పొడిలో పాలున్నాయో లేవో తేలేదాకా బిడ్డకు సెలైనే. డాక్టరు సాయంత్రంలోగా జవాబు కావాలని రాశారు.

మా అనలిస్టు సురేఖ మేడం, నేనిచ్చిన సీసాలో పొడి కలిపి ఆ నీళ్లను చిన్న గుంతలున్న పలకలో వేసి మందులు కలిపింది. పాల ప్రోటీన్ ఉంటే గుంత పసుపుపచ్చగా మారుతుంది. పక్క గుంతలో పొడి కలపని నీళ్లు వేస్తారు, దాన్ని బ్లాంక్ అంటారు. బ్లాంక్ తెల్లగానే ఉంది. పొడి గుంత పసుపెక్కింది. డబ్బాలో పాలున్నాయని రాయడానికి మేడం కాగితం తీసింది.

మా ఇంట్లో పాలగిన్నెను పులుసు గిన్నెలతో కలిపి తోమం. ఆ అలవాటుతోనే ల్యాబ్‌లో పాల శాంపిళ్ల సీసాలు కడగడానికి వేరే తొట్టి, ఆరబెట్టడానికి వేరే అర పెట్టుకున్నాను. పసిబిడ్డ పొడి కదా అని దానికి పాలసామాన్ల అరలోని సీసా ఇచ్చాను. ఎంత కడిగినా దాన్లో పాత పాల జాడ మిగిలి ఉండొచ్చు. బ్లాంకుకు ఇచ్చింది మామూలు అరలోది. ఈ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. చెబితే సంజాయిషీ అడుగుతూ మెమో వస్తుంది, పెన్షన్ కాగితాలు ఆగుతాయేమోనని భయం. చెప్పకపోతే, పొడి మంచిదే అయినా చెడ్డదని బిడ్డకు ఆపేస్తారు.

చెప్పాను. మేడం తీసిన కాగితం పక్కన పెట్టింది.

"ఇప్పుడైనా చెప్తివి, తిమ్మక్కా. ప్యాకెట్ విప్పని కొత్త సీసాలు తే," అంది.

మూడు గంటలు పట్టింది. ఈసారి రెండు గుంతలూ తెల్లగానే ఉన్నాయి. పొడిలో పాలు లేవు. అయితే బిడ్డకు మూతి ఎందుకు వాచింది? పొడి మంచిదని రాస్తే సాయంత్రం మళ్లీ పట్టిస్తారు. మళ్లీ ఊపిరాడకపోతే? మొదటి భయంకంటే ఈ భయం పెద్దదైంది.

నాకు నా తొట్టి గుర్తొచ్చింది. వరండాలోకి పోయి, పొడి ఏ గిన్నెలో కలుపుతున్నారని తాయమ్మను అడిగాను. ఆమెకు కోపం వచ్చింది.

"ఏందమ్మా, నేను అంత మురికిదాని మాదిరి కనిపిస్తాండానా? ఇది మా పాలగిన్నె. దీన్లో పాలు తప్ప ఇంకోటి పొయ్యం. బిడ్డకు పులుసు గిన్నెలో కలుపుతారా యాడైనా?"

సంచిలోంచి గిన్నె తీసింది. ఆసుపత్రిలో కూడా దాన్లోనే కలపాలని తెల్లగుడ్డలో చుట్టి తెచ్చుకుంది. తళతళలాడుతోంది. అంచు మడత దగ్గర మాత్రం ఎండిన పాలపొర నా వేలికి గరుకుగా తగిలింది. మేడం ఆ గిన్నె కడిగిన నీళ్లు పలకలో వేస్తే, ఆ గుంత పొద్దున వచ్చినదానికంటే ముదురు పసుపైంది.

మేడం డాక్టరుకు ఫోన్ చేసింది. తాయమ్మ కొత్త గిన్నె, కొత్త చెంచా కొనింది. డాక్టరు మంచం పక్కనే నిలబడి ఒక్కో చెంచా పట్టించారట. మూతి వాచలేదని మర్నాడు తెలిసింది.

మెమో వచ్చింది, జవాబు నా చేత్తోనే రాసిచ్చాను. ఆ గది పాత సీసాలన్నీ తీసేశారు. తర్వాత మిగిలిన నెలల్లో ఏ సీసా అందించినా, అది శుభ్రంగా ఉందో లేదో చూసి ఊరుకోలేదు. అంతకుముందు దాన్లో ఏం పోశారో చీటీ మీద రాసి ఇచ్చాను.