ఆదోని బస్సు మీదికి ఎక్కించని సైకిల్

పద్మా, పోయిన వారం ఈ శీర్షికకు నువ్వు రాసిన మాట ఒకటి ముందు దిద్దాలి. "స్కాన్ నార్మల్ వచ్చింది, మా అమ్మాయి సైకిల్ పందెం ముందు కాలు నొప్పని వంకలు పెడుతోంది" అన్నావు. నార్మల్ వచ్చింది పడుకున్న కాలికి తల్లీ, తొక్కిన కాలికి కాదు. ఈ తేడా తెలియడానికి నేను ఎనభైల్లో ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి ఒక ప్రయాణం చేశాను. లెక్కలు చెప్పే పంతులమ్మనే, అయినా తప్పాను.

నా కొడుకు శీనుకు అప్పుడు ఇరవై రెండేళ్లు. సైకిల్ పందేల్లో పేరున్నవాడు. పది మైళ్లు గట్టిగా తొక్కితే ఎడమ తొడ బిగుసుకుని, పాదం మొద్దుబారేది. దిగి కాసేపు నిలబడితే ఏమీ లేనట్టే సర్దుకునేది. అందుకే ఎవరూ నమ్మలేదు. బెంగళూరు డాక్టరొకాయన శుక్రవారం ఆదోనికి వస్తాడనీ, నాళంలో రక్తం పారే చప్పుడు వినిపించే పెన్నులాంటి యంత్రం తెస్తాడనీ తెలిసి బయల్దేరాం.

పొద్దున ఎనిమిదింటి బస్సు. గంట ప్రయాణం, మనిషికి మూడు రూపాయలని గుర్తు. శీను బస్టాండుకు సైకిల్‌తోనే వచ్చాడు.

"మా, నేను తొక్కుకుంటా వస్తా. నొప్పి లేకుండా పోయి ఆడ ఏం సూపించల్ల?"

"సూపించేది కాలు. సైకిల్‌కు గూడా జరమొచ్చిందా?"

కండక్టరు నవ్వి, "పైన ఏస్తానమ్మా, తాడు గూడా ఉండాది" అన్నాడు.

"వద్దప్పా, కాలికి నెమ్మది కావల్ల" అని సైకిల్‌ను టీ అంగట్లో పెట్టించాను. కాలు చాపుకోవడానికి ముందు సీటు కూడా ఇప్పించాను. అంత ప్రేమ.

మా వంతు వచ్చేసరికి పన్నెండు దాటింది. డాక్టరు బీపీ పట్టీని చీలమండ పైన చుట్టి, జెల్లీ రాసి పెన్ను ఆనించాడు. సుయ్, సుయ్ అని రెండు కాళ్లూ ఒకే మాదిరి పలికాయి. మెట్లెక్కి దిగమన్నాడు. ఇరవై సార్లు ఎక్కినా అదే చప్పుడు. మెట్లు మావాడికి ఒక లెక్కా?

"సన్నబడిన నాళం తీరుబడిగా ఉన్నప్పుడు దొరకదమ్మా. నొప్పి వచ్చేదాకా తొక్కి, దిగిన వెంటనే పడుకుంటే చీలమండ దగ్గర ఒత్తిడి పడిపోయి కనిపిస్తుంది. సైకిల్ తెచ్చారా?"

శీను నా వైపు చూడలేదు.

అద్దె సైకిళ్ల అంగడికి పరుగెత్తాం. తలుపు వేసి ఉంది. పక్కన ఉగ్గాని, బజ్జీ అమ్మే ఆవిడ, "శుక్రారం గదక్కా, నమాజుకు పోయినాడు. రెండింటికొస్తాడు" అంది. డాక్టరు రైలు ఒంటిగంటన్నరకు. చెరో ప్లేటు ఉగ్గాని తిన్నాం. బాగానే ఉంటుంది, ఆదోని వెళ్లేవాళ్లు తినండి.

డాక్టరు "విశ్రాంతిలో నార్మల్, తొక్కించి మళ్లీ చూడాలి" అని రాసిచ్చాడు. పందెం జట్టు పెద్ద అందులో ఒక్క మాటే చదివాడు. "నాటకాలాడతాండాడు" అన్నాడు. నేనూ ఆ వారమంతా "నొప్పి కాల్లో లేదు, నీ తలకాయలో ఉండాది" అన్నాను. వాడు పౌరుషానికి పోయి పందెంలో తొక్కాడు. సాయంత్రానికి కాలు మంచులా చల్లబడింది. కర్నూలు ఆసుపత్రిలో నాళం పూర్తిగా పూడిపోయిందని చెప్పి, మోకాలి కింద కాలు తీసేశారు.

ఎంతమంది పిల్లల లెక్కలు దిద్దానో నాకే తెలియదు. నొప్పి ఎక్కడ పుడుతుందో అక్కడే వెతకాలని నా కొడుకు బస్టాండులో నిలబడి చెప్తే మాత్రం ఎగతాళి చేశాను. వాడు ఇంతవరకు నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

పద్మా, స్కాన్ తీసేచోట అడుగు, తొక్కి దిగిన వెంటనే చూస్తారా అని. చూస్తామంటే ఐదు మీటర్ల తాడు కొని, అమ్మాయి సైకిల్‌ను బస్సు మీద కట్టించు. చక్రాల్లో గాలి మాత్రం ఇవాళే కొట్టించు.