భయపడు, భయపడకు

అరవైల నాటి జహీరాబాద్‌లో మా ఈడు ఆడపిల్లలకు దేనికి కొదవున్నా భయాలకు మాత్రం లేదు. బొంబాయి రోడ్డు మీద లారీలంటే భయం, లెక్కల పరీక్షంటే భయం, అన్నిటికన్నా మా చర్చి అయ్యగారంటే భయం. (మనిషి నా భుజం దాటేవారు కాదు. గొంతు మాత్రం చిరాగ్‌పల్లి దాకా వినిపించేది.) ప్రభువు బల్లలో రొట్టె, ద్రాక్షరసం మొదటిసారి పుచ్చుకోవాలంటే కోత పండుగ ఆదివారం సంఘమంతటి ముందు నిలబడి ఆయన ప్రశ్నకు జవాబు చెప్పాలి. తప్పితే మళ్లీ ఏడాది ఆగాలి. నేను అప్పటికే ఒకసారి తప్పాను. "ఈసారి గూడ తప్పినవంటె సంఘంల నా మొకం ఏడ వెట్టుకోవాలె" అని నాయనమ్మ వారం నుంచి ఒకటే పోరు.

నా గండం వేరే ఉంది. బైబిలు వాక్యం ఒకచోట దేవునికి భయపడమంటుంది, ఇంకోచోట భయపడవద్దంటుంది. ఒకటి ఒప్పుకుంటే రెండోదాన్ని కాదన్నట్టేనేమో, కాదన్నందుకు నరకమేమోనని నాకు అన్నం సహించలేదు. నాయనమ్మను అడిగితే కానుకకు తీసిపెట్టిన అల్లం కడుగుతూ, "రెండు ఆయనే చెప్పిండు గద, రెండు పట్టుకో" అంది. "రెండు ఒక్కసారే ఎట్ల పట్టుకుంటరే?" అన్నాను. "నీకు రెండు చేతులు లేవా?"

ఆదివారం బల్ల ముందు జొన్న కంకులు, చెరకు గడలు, అల్లం గంపలు పేర్చారు. అయ్యగారు 'భయపడకుడి' అని గంటసేపు బోధించి, నన్ను పిలిచారు. "దేవునికి భయపడుతవా బిడ్డా?"

"భయపడుత అయ్యగారూ" అన్నాను. అబద్ధమవుతుందేమోనని, "భయపడను గూడ" అని కలిపాను.

"గీ పిల్ల మళ్ల తప్పింది" అని వెనక ఎవరో గొణిగారు. "రెండిట్ల ఒకటి చెప్పు" అన్నారు అయ్యగారు. అంతలో అల్లం గంపలోంచి నల్ల తేలు ఒకటి దిగి ఆయన వట్టికాళ్ల వైపు నడిచింది. అయ్యగారు అంగీ పైకెత్తుకుని బెంచీ ఎక్కారు. (ఆయనకన్నా ముందు నేను ఎక్కాను. ఇన్నేళ్లకు ఒప్పుకుంటున్నాను.) నాయనమ్మ లేచి వచ్చి, పక్కనున్న ఇత్తడి చెంబును దాని మీద బోర్లించి అదిమి పట్టుకుంది.

"భయమైతలేదా అవ్వా?" అన్నారు అయ్యగారు, బెంచీ మీది నుంచే.

"ఎందుకు గాదు? చేతులు సూడున్రి, ఎట్ల వణుకుతున్నయో. భయమైతె పట్టొద్దా?"

అయ్యగారు మెల్లగా దిగి, అంగీ సర్దుకుని, నా వైపు తిరిగారు. "బల్లకు రా బిడ్డా" అన్నారు.

ఇప్పుడు నాది నాయనమ్మ వయసు. ప్రభువు మీద నమ్మకానికి ఇసుమంత లోటు లేదు. అయినా బల్ల దగ్గర మోకరించే ముందు చాప ఒకసారి దులిపి చూసుకుంటాను. ఆ తరువాతే కళ్లు మూసుకుంటాను.