హుసేన్‌బీ ఆరేళ్లు

సుబేదారిలోని ఆ ప్రైవేటు దవాఖానలో హుసేన్‌బీ లేనిదే మూడో అంతస్తు కదలదు. ఆయాగా చేరి ఇరవై రెండేళ్లయింది. భర్త పోయాక ఇద్దరు పిల్లలను ఈ జీతంతోనే ఒడ్డున పడేసింది. ఏ పేషెంటు మొండికేసినా డాక్టర్లు ముందు ఆమెనే పిలుస్తారు. ఆ మాట ఎవరైనా పైకి అంటే అట్లేం లేదు అంటుంది గానీ, ఆ రోజంతా ఆమె నడక చూడాలి, అబ్బో!

మూడేళ్ల కింద యాజమాన్యం ఉద్యోగుల రిటైర్మెంటు పొదుపు కోసం ఫోన్‌లో ఒక యాప్ పెట్టించింది. జీతంలోంచి నెలనెలా కొంత పట్టుకుంటారు, యాజమాన్యం కొంత కలుపుతుంది, ఆ సొమ్మును ఎక్కడ పెట్టాలో యాప్ తనకు తానే చూసుకుంటుంది. మధ్యలో మనిషనేవాడు ఉండడు. మనిషి లేని చోట పైసలు పెడతారా ఎవరైనా అని తోటి ఆయాలంతా మొహం తిప్పుకున్నారు. హుసేన్‌బీ ఒక్కతే ముందుకొచ్చి, అది తెలుగులో అడిగిన ప్రశ్నలన్నిటికీ జవాబులు నొక్కింది. మీ పొదుపు విలువ ఒక్కసారిగా పడిపోతే ఏం చేస్తారు అని అడిగితే ఒక్క క్షణం కూడా ఆగలేదు.

"జరం ఎక్కిందని పేషెంటును ఇంటికి తోలేస్తమా? దిగేదాక చూస్తం" అని, 'వేచి చూస్తాను' మీద వేలు పెట్టింది.

యాప్ ఆమె సొమ్ములో పెద్ద భాగాన్ని షేర్లలో పెట్టింది. అది పెరిగిన తీరు చూసి, మొహం తిప్పుకున్న వాళ్లే ఒక్కొక్కరుగా ఆమె దగ్గరికి ఫోన్లు పట్టుకొచ్చారు. అందరికీ ఆమే చదివి చెప్పింది. ఐదో తరగతి చదువు మరి, తక్కువేం కాదు.

అలాంటి హుసేన్‌బీకి మొన్న ఎండాకాలంలో ఒక పొద్దున యాప్ నుంచి కబురొచ్చింది. మీ పదవీ విరమణకు ఇక రెండేళ్లే ఉంది కాబట్టి మీ సొమ్మును షేర్లలోంచి తీసి, పెద్దగా పెరగకపోయినా పోయే భయం లేని పథకాల్లోకి కొంచెం కొంచెంగా మారుస్తున్నాం అని దాని సారాంశం. రాబోయే పెన్షన్ ఎంతో కూడా కింద వేసి చూపించింది. గ్యాసు బండకూ కరెంటు బిల్లుకూ పోతే అందులో ఉప్పుకు కూడా మిగలదు.

ఆమెకు కోపం నషాళానికంటింది. దీనికి మతి పోయిందనుకుంటూ, ఉద్యోగుల వ్యవహారాలు చూసే భానుచందర్ బల్ల మీద ఫోన్ పెట్టింది. అతను చూసి, యాప్ తప్పేం లేదన్నాడు. అది వయసును ఆధార్‌లోంచి తీసుకుంటుంది. ఆధార్ ప్రకారం ఆమెకు యాభై ఆరు. యాభై ఎనిమిదికి ఇంటికి పంపడం దవాఖాన నియమం.

నిజానికి ఆమెకు యాభై. ఆ సంగతి తెలిసింది ఆమెకూ, ఆమె తండ్రి అబ్దుల్ కరీంకూ మాత్రమే. పదిహేనేళ్ల పిల్లకు నిఖా చేస్తూ, పద్దెనిమిది అంటే అనుమానం వస్తుందని ఏకంగా ఇరవై ఒకటి రాయించాడు ఆ మహానుభావుడు. నిఖానామాలోని ఆ వయసు రేషన్ కార్డులోకి, అక్కడినుంచి ఆధార్‌లోకి నడుచుకుంటూ వచ్చింది. ముప్పై ఐదేళ్లు ఆ అంకెతో ఎవరికీ పని పడలేదు. ఇప్పుడు పడింది. ఆరేళ్ల జీతం, ఆరేళ్ల పొదుపు, అన్నిటికీ మించి ఆరేళ్ల పని పోతుంది. ఒంట్లో సత్తువ ఉండగా ఇంట్లో కూర్చోవడమంటే ఆమెకు చచ్చేంత అవమానం.

భానుచందర్ మంచివాడు. బడి రికార్డు తెస్తే దానితో ఆధార్ మార్పించుకోవచ్చని, ఆపైన దవాఖాన రికార్డు తాను చూసుకుంటానని చెప్పాడు. వయసు ఎందుకు తప్పు పడిందో మాత్రం ఒక కాగితం రాసివ్వాలట. పొరపాటున పడిందని రాసేస్తే సరిపోతుందక్కా అన్నాడు.

సెలవు పెట్టి, పాలకుర్తి దగ్గరున్న పుట్టినూరికి బస్సెక్కింది. బడి హెడ్మాస్టర్ రాజమౌళి పాత రిజిస్టర్లు గంటసేపు తిరగేసి ఒక వరుస మీద వేలు పెట్టాడు. హుసేన్‌బీ, తండ్రి అబ్దుల్ కరీం, పుట్టింది 1975 ఆగస్టు పన్నెండు. తన అసలు వయసును కాగితం మీద చూడడం ఆమెకు అదే మొదటిసారి. సారుకు దండం పెట్టి బయటికొచ్చింది.

ఆ ఊళ్లోనే ఉన్న పుట్టింటికి వెళ్లి తండ్రికి విషయం చెప్పింది. పొరపాటని రాస్తున్నానని, ఆయన పేరు ఎక్కడా రాదని ధైర్యం కూడా చెప్పింది. ఎనభై దాటిన అబ్దుల్ కరీం ఊళ్లో మాట మీద నిలబడే మనిషని పేరున్నవాడు. మంచం మీద లేచి కూర్చున్నాడు.

"పొరపాటు ఎట్లయితది? తెలిసే రాయించిన."

"ఇప్పుడెందుకు బాపు, నీ ఇజ్జత్ పోతది."

"నా ఇజ్జత్ కోసం నువ్వింకో అబద్ధం రాస్తవా?"

ఎంత వద్దన్నా వినకుండా మర్నాడు ఆమె వెంట బస్సెక్కి వచ్చి, భానుచందర్ ఎదుట కూర్చుని తానే చెప్పి రాయించాడు. "నా బిడ్డకు పదిహేనేండ్లున్నప్పుడు ఇరవై ఒకటని నేనే రాయించిన. పొరపాటు గాదు, నా తప్పు. దాని ఆరేండ్లు దానికి ఇయ్యాలె." కింద సంతకం పెట్టాడు. పదిహేనేళ్లకే పెళ్లి చేశాడని హుసేన్‌బీకి ఏళ్లుగా లోపల మిగిలిన కోపం ఆ సంతకం చూశాక నిలవలేదు. ఈయన నా తండ్రి అని ఆ ఆఫీసులో అందరికీ వినబడేలా చెప్పుకుంది.

రెండు నెలలకు ఆధార్ మారింది, దవాఖాన రికార్డూ మారింది. యాప్‌కు ఎవరూ నచ్చజెప్పాల్సిన పని పడలేదు. మీకు ఇంకా ఎనిమిదేళ్లు ఉన్నాయి, మీ సొమ్మును మళ్లీ షేర్లలోకి తెస్తున్నాం అని కబురు పంపింది. హుసేన్‌బీ వెంటనే తండ్రికి ఫోన్ చేసి చదివి వినిపించింది.

"ఇంకా ఎనిమిదేండ్లు చాకిరి జెయ్యాల్నా బిడ్డా?" అన్నాడాయన. నా పాపమే కదా అన్నట్టుంది ఆ గొంతు.

"చాకిరి గాదు బాపు, నా నౌకరి" అంది హుసేన్‌బీ. "పెండ్లి నువ్వు జేసినవ్. ఇది నేను సంపాయించుకున్న."